ముందు నిలబడే తీరు, తరువాతే ఇంజన్: నా 1932 ఫోర్డ్

హాట్ రాడ్, అంటే పాత కారును వేగం కోసం సొంతంగా మార్చి కట్టుకునే బండి, కట్టుకుంటున్నానని తెలిసిన మిత్రులు మొదట అడిగేది ఇంజన్ సంగతే. ఎన్ని సిలిండర్లు, ఎంత హార్స్ పవర్, ఎంత వేగం అని వరుసగా అడుగుతారు. అవి అడగదగిన ప్రశ్నలే గాని, సొంత అభిరుచికి తగ్గట్టు బండి కట్టుకునే వ్యక్తి వాటికంటే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది. బండి నేలకు ఎంత ఎత్తున, ఎంత వాలుతో, ఏ చక్రాల మీద నిలబడాలన్నదే ఆ విషయం. ముందు ఇరుసు ఎంత వంగాలో, బాడీ ఛాసిస్ మీద ఎక్కడ కూర్చోవాలో, రేడియేటర్‌కూ డ్రైవర్ కాళ్ల ముందుండే ఫైర్‌వాల్‌కూ మధ్య ఎంత చోటు మిగులుతుందో ఆ నిర్ణయమే చెబుతుంది. మిగిలిన చోటులో ఇంజన్ ఇమడాలి.

నేనుండే దక్షిణ కాలిఫోర్నియాయే ఈ బండ్లకు పుట్టిల్లు. 1930లలో ఇక్కడి కుర్రాళ్లు పాత ఫోర్డ్ రోడ్‌స్టర్లను (స్థిరమైన పైకప్పు లేని కార్లను) చవగ్గా కొని, మురాక్ వంటి ఎండిన సరస్సుల మీద వేగం పరీక్షించుకునేవారు. బరువు తగ్గాలని మడ్‌గార్డులు, బంపర్లు ఊడదీశారు. గాలికి అడ్డు తగ్గాలని ముందు అద్దాన్ని కోసి పొట్టి చేశారు. గేర్ల నిష్పత్తి జోలికి పోకుండానే పై వేగం పెరగాలని వెనుక పెద్ద టైర్లు వేశారు. 1937లో వారి క్లబ్బులు కలిసి సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సైన్యం నుంచీ విమాన కర్మాగారాల నుంచీ బయటికొచ్చిన యువకులు వెల్డింగ్, రేకు పని, లేతు పని నేర్చుకుని వచ్చారు గనుక ఈ పనితనం మరో మెట్టు ఎక్కింది. 1949లో యూటా రాష్ట్రంలోని బానెవిల్ ఉప్పు మైదానంలో స్పీడ్ వీక్ అనే వేగ పరీక్షల వారోత్సవం మొదటిసారి జరిగింది. ఇప్పుడు మనం అందమని మురిసిపోయే ప్రతి గీతకూ వెనుక అప్పటి అవసరం ఒకటి ఉంటుంది. ఆ అవసరం తెలియకుండా రూపాన్ని మాత్రమే అనుకరిస్తే ఒక భాగానికీ మరో భాగానికీ పొత్తు కుదరదు. ఇక్కడి ప్రదర్శనల్లో అలాంటి బండ్లు, అవి కూడా ఎంతో ఖరీదైనవి, చాలానే కనిపిస్తాయి.

నేను ఎంచుకున్నది ఈ లోకంలో అందరూ డ్యూస్ అని పిలిచే 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్. సామాన్యులు కొనగలిగే ధరలో ఫోర్డ్ వి-8 ఇంజన్ ఇచ్చింది ఆ ఏడాదే. దాని సిలిండర్ల మొత్తం పరిమాణం 221 ఘనపుటంగుళాలు, బలం 65 హార్స్ పవర్. అయితే నన్ను కట్టిపడేసింది దాని ఛాసిస్. అంతకు ముందటి ఫోర్డ్ 'మోడల్-ఎ'కు ముందు వెనుక చక్రాల మధ్య దూరం 103.5 అంగుళాలు, దాని ఛాసిస్ పట్టీలు సాదా ఇనుప పట్టీలు. డ్యూస్‌కు ఆ దూరం 106 అంగుళాలు, పైగా పక్క పట్టీల మీద బాడీ గీతను అనుసరిస్తూ ప్రెస్‌లో ఒత్తిన మడత ఒకటి ముందు నుంచి వెనుకదాకా సాగుతుంది. మడ్‌గార్డులు తీసేసినా బండి బోసిపోకుండా, అలాగే తయారై వచ్చినట్టు కనిపించడానికి ఆ మడతే కారణం. అసలు 1932 నాటి ఉక్కు బాడీ దొరకడం కష్టం, దొరికినా తుప్పు వదిలించడానికే సగం జీవితం సరిపోతుంది. ఒహాయోలోని బ్రూక్‌విల్‌లో అదే ఆకారంలో కొత్త ఉక్కు బాడీలు తయారవుతున్నాయి గనుక నేను ఆ దారి పట్టాను. ఫైబర్ బాడీ ఇంకా చవకే గాని, తలుపు వేసినప్పుడు వచ్చే చప్పుడు నాకు నచ్చదు.

బాడీని ఛాసిస్ పైన యథాస్థానంలో ఉంచి మడ్‌గార్డులు మాత్రం తీసేసే పద్ధతిని హైబాయ్ అంటారు. నేల రేకు కోసి బాడీని ఛాసిస్ పట్టీల మీదుగా కిందికి దించితే ఛానెలింగ్. ఛానెల్ చేసిన బండి చూడటానికి నేలను కరుచుకున్నట్టు ఉంటుంది గాని, కాళ్లు ముందుకు చాపి దాదాపు నేల మీద కూర్చున్నట్టు కూర్చోవాలి, పైగా ఆ అందమైన మడత కాస్తా బాడీ చాటుకు పోతుంది. ఆ మడత కోసమే డ్యూస్ కొన్న నాకు హైబాయ్ తప్ప గత్యంతరం లేదు.

ముందు అద్దాన్ని ఎంత కోయాలన్నది నా ఒంటి కొలత తేల్చవలసిన విషయం. బాడీని ఛాసిస్‌కు తాత్కాలికంగా బోల్టులతో బిగించి, లోపల ప్లైవుడ్ పలక వేసి, సీటు మందానికి సరిపడా స్పాంజి ముక్కలు పేర్చి కూర్చున్నాను. పక్క వీధిలో ఉండే విశ్రాంత మెషినిస్టు ఒకాయన స్టీరింగ్ రాడ్ ఉండవలసిన చోట చీపురు కర్రను నిలిపి కట్టి, అద్దం స్తంభాలకు అడ్డంగా మాస్కింగ్ టేపును అర అంగుళం చొప్పున కిందికి దించుతూ, "ఇప్పుడు మీకు రోడ్డు కనిపిస్తోందా, టేపు కనిపిస్తోందా?" అని అడుగుతూ పోయారు. రెండు అంగుళాల దగ్గర టేపు సరిగ్గా నా కళ్ల ముందుకొచ్చింది. బయట నిలబడి చూస్తే మాత్రం బండికి ఆ రెండు అంగుళాల కోతే అందం. అందువల్ల కోత తగ్గించకుండా సీటు మందం అంగుళంన్నర తగ్గించి, చూపును పైపట్టీ కిందికి తెచ్చుకున్నాం. ఈ సర్దుబాటు నా ఎత్తుకే సరిపోతుంది. ఆరడుగుల మనిషి ఈ బండి నడిపితే పైపట్టీ అతని చూపుకు అడ్డుపడుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో వట్టి ఛాసిస్‌గా వచ్చిన లారీకి యజమాని దగ్గరుండి బాడీ కట్టించుకోవడం చూస్తూ పెరిగినవాణ్ణి గనుక, బండి మనిషి కొలతకు రావాలన్న మాట నాకు కొత్త కాదు.

ముందు ఇరుసు చివరలను నాలుగు అంగుళాలు పైకి వంచి పోతపోసిన డ్రాప్డ్ యాక్సిల్ ముక్కును దించుతుంది. వెనుక పెద్దవి (7.50-16), ముందు చిన్నవి (5.00-16) టైర్లు వేస్తే వాలు దానంతట అదే వస్తుంది. చక్రాలు 1940 ఫోర్డ్ ఉక్కు చక్రాల తరహావి.

ఇక ఇంజన్. బుద్ధి చెప్పే మాట 1955లో 265 ఘనపుటంగుళాలతో మొదలై, తరువాత 400 దాకా పెరిగిన షెవ్రొలే స్మాల్ బ్లాక్ ఇంజన్. విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి, ధర తక్కువ, బలం ఎక్కువ. స్పార్క్ ప్లగ్గులకు కరెంటు పంచే దాని డిస్ట్రిబ్యూటర్ వెనుక వైపు ఉండటంతో ఫైర్‌వాల్ దగ్గర చోటు ఇరుకవుతుందన్నది ఒక్కటే పేచీ. అయినా నేను 1949-53 నాటి ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వైపే మొగ్గాను. వాల్వులు సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉండటంతో హెడ్ పైభాగం పలకలా చదునుగా ఉంటుంది. పొగ బ్లాకు లోపలి నీటి గదుల మధ్య నుంచి బయటికి రావాలి. మధ్య రెండు సిలిండర్లకూ కలిపి ఒకే దారి, అంటే పక్కకు నాలుగు సిలిండర్లకు మూడే ద్వారాలు. అది వేడెక్కడానికి ఇదే కారణం, దాని గొంతుకు అంత ప్రత్యేకత రావడానికీ ఇదే ఒక కారణం. మందమైన రేడియేటర్‌తో వేడిని అదుపులో పెట్టవచ్చు గాని, ఆ గొంతును మరో ఇంజన్‌తో తెప్పించలేం. రెండు స్ట్రోంబర్గ్ 97 కార్బ్యురేటర్లు పెట్టాను. సరఫరా చేసినవారు మొదట పంపిన జతలో ఒకటి నిరంతరం పెట్రోలు కారుతూ ఉండటంతో మార్పించుకోవలసి వచ్చింది.

ఇంజన్ దాకా వచ్చేసరికి నాకొక నియమం ఏర్పడింది. ఈ బండి 1950 ప్రాంతంలో ఇక్కడి ఏదో ఒక షెడ్డులో తయారైందని అనుకోవాలి, ఆనాడు దొరకని వస్తువు కంటికి కనిపించకూడదు. దీనితో ఎన్నో తర్జనభర్జనలు తప్పాయి. డిజిటల్ మీటర్లు, తళతళలాడే అల్యూమినియం చక్రాలు, నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఒక్క దెబ్బతో పక్కకు పోయాయి. ప్రాణానికి సంబంధించిన చోట మాత్రం నియమాన్ని దాచి ఉల్లంఘించాను. 1932 ఫోర్డ్‌కు బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేసేవి. ఫోర్డ్ హైడ్రాలిక్ బ్రేకులకు మారింది 1939లో. ఆనాటి కుర్రాళ్లు ఆ కొత్త బ్రేకులనే పాత బండికి ఎక్కించేవారు. నేనూ డ్రమ్ములే వేశాను గాని, ఒక గొట్టం పగిలితే నాలుగు చక్రాల బ్రేకులూ పోయే పాత మాస్టర్ సిలిండర్‌కు బదులుగా ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ వేర్వేరు దారులున్న సిలిండర్‌ను నేల రేకు కింద బిగించాను. సీటు బెల్టులు, ఫ్యూజులున్న వైరింగ్ సరేసరి. గేర్ బాక్స్ విషయంలో నాది కొంచెం కొంటెతనమే అనుకోండి: లోపల ఆధునికమైన ఐదు గేర్ల టి-5 గేర్ బాక్స్, పైన మాత్రం 1939 తరహా లివర్.

రంగు నలుపు. నల్ల రంగు కింద రేకులోని చిన్న సొట్ట కూడా దాగదు గనుక రంగు వేయడం కన్నా రేకు సాపు చేయడానికే ఎక్కువ కాలం పడుతుంది. మంటల బొమ్మలు, గీతల అలంకారాలు నాకు వద్దు. "మడ్‌గార్డులు లేవు, పైకప్పు లేదు, రేడియో లేదు, ఇంత డబ్బు దేనికి పోశారండీ?" అని మా ఆవిడ అడిగింది. లేకపోవడానికే డబ్బు ఎక్కువ అవుతుందని చెప్పి చూశాను గాని నమ్మలేదు.

ఇంటి దగ్గర ఇలాంటిది కట్టుకోవచ్చా అని హైదరాబాద్ మిత్రులు అడుగుతుంటారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు పేర్కొన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్ని గట్టిగానే చెప్పింది. కనుక రోడ్డు మీద తిప్పాలంటే చాలా చిక్కు. ఇక్కడ కాలిఫోర్నియాలో ఇలాంటి బండ్లను ప్రత్యేకంగా నిర్మించిన వాహనాలుగా రిజిస్టర్ చేస్తారు. ఏటా మొదట దరఖాస్తు చేసుకున్న 500 బండ్లకు, బాడీ ఏ సంవత్సరపు మోడల్‌ను పోలి ఉంటే ఆ సంవత్సరపు ఉద్గార నిబంధనలే వర్తించే వెసులుబాటు ఉంది. 1932 బాడీకి ఆ ఒక్క కాగితం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కర్లేదు. కొన్న ప్రతి భాగం రసీదునూ అందుకే జాగ్రత్తగా ఫైలు చేసుకుంటున్నాను; వైరింగ్ పని ముగిస్తే వచ్చే జనవరి దరఖాస్తుకు బండి సిద్ధమవుతుంది.