అప్పుల తోట

మా గేటు దగ్గర మొదలై కరెంటు స్తంభం దాకా, గోడని ఆనుకుని 30 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు నేల ఉంది. మేం ఈ ఇంటికొచ్చి 11 ఏళ్ళు. అప్పట్నుంచీ అది ఎవరికీ పట్టని నేల. వీధిలో ఎవరింట్లో రిపేర్లు జరిగినా ఇటుక ముక్కలు, గడ్డకట్టిన సిమెంటు అక్కడికే చేరేవి. ఒకసారి పగిలిన వాష్‌బేసిన్ కూడా వచ్చింది. వీటన్నిటి మధ్యా నడుమెత్తు వయ్యారిభామ కలుపు. పేరు చూస్తే వయ్యారం, ముట్టుకుంటే దురద.

నేనొక ఆఫీసులో లెక్కలు రాస్తాను. ఏ పని మొదలుపెట్టినా పుస్తకంలో నిలువుగీత గీసి, జమ ఒకవైపు, ఖర్చు ఒకవైపు రాసుకోకపోతే నాకు తోచదు. ఈ తోటకీ ఒక పాత నోటుపుస్తకం పెట్టాను. ఖర్చు వైపు ఇప్పటికీ ఒక్కటే పద్దు: రబ్బరు గ్లౌజులు. మొదటి రోజే గాజుపెంకు దిగి, టీటీ ఇంజక్షన్ చేయించుకున్నాక బుద్ధొచ్చి కొన్నవి. (ఇంజక్షన్ డబ్బులు మందుల ఖాతాలో వేశాను. అకౌంట్సు వాళ్ళ తెలివితేటలు ఇలాగే ఉంటాయి.)

మొదలైంది మాత్రం మంచితనంతో కాదు, పోట్లాటతో. పైవాటా వాళ్ళ ఏసీ నీళ్ళు మా గోడ మీద కారి నాచు పట్టేది. ఒకసారి గట్టిగా అనేశాను. ఆ తర్వాత రెండు వేసవులు ఆవిడా నేనూ మెట్ల మీద ఎదురుపడితే తలుపు తాళాలు వెతుక్కునేవాళ్ళం. మూడో వేసవిలో ఆవిడే కిందికి దిగొచ్చి, "వదినగారూ, ఆ నీళ్ళకి పైపు వేయిస్తున్నాను, ఎటు వదలమంటారు?" అంది. నాకు సిగ్గేసింది. ఏమనాలో తెలీక, "ఆ చెత్తలోకి వదిలెయ్యండి" అన్నాను.

పైపు చివర నీళ్ళు పడిన చోట, సిమెంటు గడ్డల సందులోంచి కొన్నాళ్ళకి ఒక బిళ్ళగన్నేరు లేచింది. ఎవరూ వెయ్యలేదు. గులాబీరంగు పువ్వులు ఐదు. ఆఫీసుకెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి చూసేదాన్ని. ఒకరోజు పైవాటా ఆవిడ కూడా బాల్కనీలోంచి దాన్నే చూస్తోంది.

అక్కడ తోట వేద్దామనుకుని, ముందు ఆ నేల ఎవరి కిందికొస్తుందో కనుక్కుని అనుమతి అడిగాం. స్తంభం చుట్టూ మీటరు వదిలేసి ఏమైనా చేసుకోమన్నారు. వయ్యారిభామని పూత రాకముందే, తడి నేలలో, గ్లౌజులతో వేళ్ళతో సహా లాగాలి. పూత వచ్చాక కదిపితే విత్తనం మనమే చల్లినట్టు. ఇటుక ముక్కల్ని పారెయ్యలేదు, మట్టి కొట్టుకుపోకుండా అంచున పేర్చాం. వాష్‌బేసిన్‌కి అడుగున చిల్లు ఎలాగూ ఉంది కాబట్టి అదే కుండీ అయింది. అందులో ఎదురింటి వాళ్ళ నాచుపూల కొమ్మ వేలెడంత తుంచి గుచ్చితే, ఇప్పుడు అంచు దాటి కిందికి వేలాడుతోంది. వీధిలో పార్శిల్ రాని ఇల్లు లేదు, అట్టపెట్టెలకు కొదవే లేదు. "టేపు పీకి ఇవ్వండి" అని అందరికీ చెప్పాను. ఒక్కరూ పీకలేదు. ఆ అట్టల్ని బాగా తడిపి, ఒకదాని అంచు మీదికి ఇంకోటి వచ్చేలా పరిచి, పైన ఎండుటాకులు మందంగా పోశాం. వెలుతురు అందక కింద కలుపు చస్తుంది. అట్ట మెల్లగా మట్టిలో కలిసిపోతుంది. ఆరు నెలల తర్వాత తవ్వి చూస్తే వానపాములు! ఆ సిమెంటు దిబ్బలోకి ఎక్కణ్ణుంచి వచ్చాయో!

ఆకులు వీధి ఊడ్చే అక్క ఇచ్చింది. రోజూ పొద్దున్నే కుప్ప చేసి అంటించేది, పొగకి నాకు దగ్గు. "కాల్చకుండా నాకివ్వక్కా" అంటే, నాకు మతిపోయిందేమో అన్నట్టు చూసింది. మర్నాటి నుంచి గేటు దగ్గర గోనెసంచి తయారు. ఇప్పుడైతే ఏ చెట్టు ఆకు తొందరగా కుళ్ళుతుందో నాకే పాఠం చెబుతుంది.

విత్తనాలది వేరే కథ. మూలింటి మామ్మగారు వాడిపోయిన బంతిపూలు కాగితంలో చుట్టి ఇచ్చారు. నేను పువ్వుని నలిపి మొత్తం చల్లేశాను. నాలుగో రోజుకి చీమలు బారులు కట్టి విత్తనాలు మోసుకుపోయాయి. మామ్మగారు తల కొట్టుకుని, "ఏమే, లెక్కలు తెలుసంటావు, తాలూ గింజా తెలీదా?" అన్నారు. ఎండిన పువ్వు అడుగున పుల్లల్లా ఉంటాయి విత్తనాలు, సగం నలుపు, సగం గడ్డి రంగు. వేళ్ళ మధ్య నొక్కితే గట్టిగా తగిలేది గింజ, వంగిపోయేది తాలు. ఆవిడ అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటీ నొక్కి చూపించారు. జపాన్‌లో ఫుకువోకా అనే రైతు విత్తనాల్ని బంకమట్టి ఉండల్లో పెట్టి చల్లేవాడని మా అబ్బాయి చెబితే, ఆదివారం వీధి పిల్లలందర్నీ పోగేసి ఉండలు చేయించాం. చీమల బెడద తప్పింది. పిల్లలు మాత్రం సగం ఉండలు ఒకళ్ళ మీద ఒకళ్ళు విసురుకున్నారు. అందుకే ఇప్పటికీ ఎవరి పిట్టగోడ మీదో ఒక బంతి మొలుస్తూ ఉంటుంది.

ఒక పొరపాటు కూడా రాయాలి. నీళ్ళ పొదుపు పిచ్చిలో, వంటింట్లో ఆర్వో మిషను వదిలేసే నీళ్ళన్నీ బకెట్లకు పట్టి రోజూ పోశాను. లీటరు మంచినీళ్ళకి రెండు మూడు లీటర్లు బయటికి పోతాయి కదా, ప్రాణం ఒప్పలేదు. రెండు నెలలకి బంతి ఆకుల అంచులు కాలినట్టు గోధుమరంగుకి తిరిగాయి. వడపోతలో మిగిలిన ఉప్పులన్నీ ఆ నీళ్ళలోనే ఉంటాయని అప్పుడు గానీ తట్టలేదు. ఏసీ నీళ్ళలో ఆ ఉప్పులు ఉండవు. ఏ నీళ్ళ మీద రెండేళ్ళు మాటలు మానేశానో, చివరికి మొక్కల్ని బతికించినవి అవే. ఇప్పుడు పైవాటా ఆవిడ ఏసీ వేసే ముందు, "వదినగారూ, పైపు ఎటు తిప్పారు?" అని అరుస్తుంది. ఆర్వో నీళ్ళు బాత్రూము కడగడానికి.

నర్సరీకి వెళ్ళి పాతిక కుండీలు తెచ్చిపడేస్తే ఒక్క పూటలో అయిపోయే పని ఇది. నా పిసినారితనం వల్ల ఏడాదిన్నర పట్టింది. కానీ కొనుక్కొస్తే అవి నా మొక్కలయ్యేవి, ఎండితే నా ఒక్కదాని ఏడుపు. ఇక్కడ అన్నీ అప్పులే. బంతి మామ్మగారిది, ఆకులు ఊడ్చే అక్కవి, నీళ్ళు పైవాటావి, అట్టలు వీధి మొత్తానివి. మొన్న నాలుగు రోజులు పెళ్ళికని వెళ్ళొస్తే నేల బురదబురదగా ఉంది. ఎవరు పోశారని అడిగితే, ముగ్గురు "నేనే" అన్నారు. మూడు బంతి మొక్కలు కుళ్ళిపోయాయి. ఎవర్నేమంటాం!

ఇప్పుడు రాజ్యమంతా చంద్రకాంతది. రాత్రి కాపలా ఉండే అన్న మిరియాల్లా ఉన్న నల్లటి గింజలు గుప్పెడిచ్చాడు. కింద దుంప ఊరుతుంది కాబట్టి, పైన నరికినా మళ్ళీ లేస్తుంది. గింజా దుంపా విషం, పిల్లలకి ముందే చెప్పి పెట్టాం. పొద్దంతా ముడుచుకుని, సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకుంటాయి. నేను ఆఫీసు నుంచి వచ్చే వేళకి వీధంతా వాసన. మామ్మగారు అరుగు మీద, పైవాటా ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంటారు. నేను చెప్పులు కూడా విప్పకుండా అక్కడే నిలబడిపోతాను.

పోయిన నెల ఒక పొద్దున చూస్తే, అంచున ఉన్న బంతి మొక్క మాయం. వేళ్ళతో సహా, జాగ్రత్తగా, మట్టిగడ్డతో తీసుకుపోయారు. ఒళ్ళు మండిపోయింది. రెండు వారాల తర్వాత పక్క వీధిలో నడుస్తుంటే, ఒక వాకిట్లో పెయింటు డబ్బాలో అదే కనిపించింది. అంచులు కాలిన నా ఆర్వో ఆకుల్ని నేను గుర్తుపట్టలేనా? గేటు దగ్గర ఓ నిమిషం నిలబడ్డాను. లోపల్నుంచి ఒక చిన్నపిల్ల మగ్గుతో నీళ్ళు తెచ్చి, ఆకుల మీద పడకుండా మొదట్లోనే పోసింది. నాకంటే నయం.

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. దీన్ని జమలో వెయ్యాలా, ఖర్చులో వెయ్యాలా కాసేపు తేలలేదు. చివరికి కొత్త పేజీ తిప్పి, "రావలసిన బాకీలు" అని రాసి, కింద "బంతి, ఒకటి" అని వేశాను. డబ్బాలో మొగ్గలు మూడున్నాయి. గేటు బయటినుంచే లెక్కపెట్టాను.