నవంబర్‌లో కిందికి, మార్చిలో పైకి: మన తీరం వెంట పారే నీళ్లు

మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి సీసాలో సముద్రపు నీళ్లు పట్టాలి. ఐదు రోజులకోసారి. పని ఇంతే. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు 2005 మే నుంచి భారత తీరం వెంబడి ఎనిమిది చోట్ల ఈ పనిని మత్స్యకారులతోనే చేయించారు. ఆ సీసాల్లో ఉప్పు ఎంతుందో కొలుస్తూ పోతే తేలిందేమిటంటే, వానాకాలం ముగిసేసరికి బంగాళాఖాతం ఉత్తర భాగంలో కిలో నీటికి పది గ్రాములకు పైగా ఉప్పు తగ్గిపోతోంది, ఆ చప్పిడి నీళ్లు తీరాన్ని అంటిపెట్టుకుని సుమారు వంద కిలోమీటర్ల వెడల్పున దక్షిణానికి దిగుతూ రెండున్నర నెలల్లో దేశం కొసదాకా చేరుతున్నాయి. 2014లో వచ్చిన పరిశోధన పత్రంలో దీనికి ‘సముద్రంలో నది’ అనే పేరు పెట్టారు. సాధారణంగా సముద్రంలో కిలో నీటికి 35 గ్రాముల దాకా ఉప్పు ఉంటుంది కాబట్టి పది గ్రాములు తగ్గడమంటే చాలా పెద్ద మార్పు.

ఈ మంచినీళ్లు గంగ, బ్రహ్మపుత్ర, ఇరావతి, మహానది, మన గోదావరి, కృష్ణ తెచ్చిపోసినవే. పైన పడ్డ వాన సరేసరి. వీటిని కిందికి మోసుకెళ్లేది తూర్పు భారత తీర ప్రవాహం. మనం స్కూల్లో గల్ఫ్ స్ట్రీమ్, కురోషియో అని బట్టీపట్టి బాణాలు గీశాం గానీ మన ఇంటి ముందున్న దీని గురించి నాకైతే ఎవరూ చెప్పలేదు! గల్ఫ్ స్ట్రీమ్ ఏడాదంతా ఒకే దిక్కుకు పోతుంది. మనది అలా కాదు, అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఒడిశా వైపు నుంచి తమిళనాడు వైపు, ఫిబ్రవరి నుంచి మే వరకు తిరిగి ఉత్తరానికి.

గాలి తిరిగింది, నీరూ తిరిగింది అనుకుంటే సగమే నిజం. ఉత్తరం వైపు ప్రవాహం మంచి జోరు మీద ఉండేది మార్చి, ఏప్రిల్‌లో, అప్పటికి నైరుతి రుతుపవనాల జాడే ఉండదు, తీరం దగ్గర గాలి కూడా అంత గట్టిగా వీయదు. మరి నీటిని తోస్తున్నదెవరు? బంగాళాఖాతం నడిమధ్యన ఎప్పుడో వీచిన గాలి ప్రభావం నెమ్మదిగా తరంగాలుగా పడమటికి నడిచి మన తీరానికి చేరుతుంది. ఇంకా దూరంగా, భూమధ్యరేఖ దగ్గర గాలి లేపిన తరంగం ఇండోనేషియాలోని సుమత్రా దీవికి తగిలి, అండమాన్ సముద్రం, మయన్మార్, బంగ్లాదేశ్ తీరాలన్నీ చుట్టుకుని మన దాకా వస్తుంది. ఒడ్డున నిలబడి చూస్తే ఈ తరంగాలు కనపడవు. పైన నీటిమట్టం కొన్ని సెంటీమీటర్లే లేస్తుంది, లోపల పొరలు మాత్రం పదుల మీటర్లు కదులుతాయి. నాకు దీనంతటిలో బాగా నచ్చిన సంగతి ఇదే, విశాఖ ఎదుట నీరు ఎటు పోవాలో కొంతవరకు ఇండోనేషియా దగ్గర తేలిపోవడం.

ఇక తుఫాన్లు. మంచినీరు తేలిక కాబట్టి చేపల పులుసు మీద నూనెలా పైనే తేలుతుంది, కింద ఉప్పునీటితో అంత తొందరగా కలవదు. తుఫాను మామూలుగా సముద్రాన్ని చిలికి కింది చల్లటి నీటిని పైకి తెచ్చుకుని తన బలం తనే కొంత తగ్గించుకుంటుంది. కానీ పైన ఈ తేలిక పొర ఉంటే చిలకడం కష్టం, నీరు వేడిగానే ఉండిపోతుంది, తుఫానుకు మేత దొరుకుతూనే ఉంటుంది. చప్పిడి నీరు మన తీరం వెంట దిగే అక్టోబర్, నవంబర్ నెలలే మన తుఫాన్ల సీజన్ కూడా. 2014 అక్టోబర్ 12న విశాఖను కొట్టిన హుద్‌హుద్ వచ్చింది ఈ రోజుల్లోనే (దానికి ఇదొక్కటే కారణమని మాత్రం అనను, తుఫాను బలపడటానికి పైగాలులు కూడా కలిసిరావాలి).

చేపల దగ్గరికొస్తే ఇదే పొర ఇంకో రకంగా అడ్డం. కింద ఉన్న పోషకాలు పైకి రాకపోతే సూక్ష్మమొక్కలు పెరగవు, అవి లేకపోతే కానాగంతలకైనా వంజరానికైనా తిండి గొలుసు మొదలే కాదు. అరేబియా సముద్రంతో పోలిస్తే బంగాళాఖాతంలో ఈ సూక్ష్మమొక్కలు తక్కువగా ఉండటానికి ఇదొక ముఖ్య కారణం. వేసవిలో మాత్రం కాస్త ఊరట. తీరం వెంబడి నైరుతి గాలి వీచినప్పుడు భూభ్రమణం వల్ల పైనీరు కుడివైపుకి, అంటే లోపలి సముద్రంలోకి జరుగుతుంది, ఆ ఖాళీలోకి కిందనుంచి చల్లటి, పోషకాలున్న నీరు ఉబికి వస్తుంది. 1950ల్లో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన లాఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఈ సంగతి మీద అప్పుడే పరిశోధన చేశారు. తమాషా ఏమిటంటే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం కాబట్టి, ఆ చల్లనీటి పుణ్యాన పెరిగే మేతలో కొంత వలల భయం లేకుండా చేపలకే దక్కుతుంది.

మిగతా రోజుల్లో చల్లనీరు, వేడినీరు ఒరుసుకునే గీతల దగ్గర చేపలు గుమిగూడతాయి. ఆ గీతల్ని ఉపగ్రహాల లెక్కలతో పట్టుకుని, చేపలు ఎటు దొరకవచ్చో మత్స్యకారులకు చెప్పేది సముద్రమే లేని హైదరాబాద్‌లో, ప్రగతినగర్‌లో ఉన్న ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం). వాళ్ల వెబ్‌సైట్‌లో ఉపరితల ప్రవాహాల అంచనాలు కూడా పెడతారు. మార్చిలో ఒకసారి, నవంబర్‌లో ఒకసారి విశాఖ, కాకినాడ ఎదుట బాణాలు ఎటున్నాయో చూడండి.