గోడౌన్‌కి తాళం పడ్డ రోజు నేను షార్ట్ చేశాను

2020 మార్చి 16, సోమవారం. గుంటూరు అరండల్‌పేటలో మా బ్రోకర్ ఆఫీసు మేడ మీద నలుగురం స్క్రీన్ ముందు కూర్చున్నాం. యెస్ బ్యాంక్ షేరు 30 దగ్గర ఆడుతోంది. రెండు వేల షేర్లు షార్ట్ చేశాను. అంటే చేతిలో లేనివి ముందే అమ్మేశానన్నమాట, సాయంత్రంలోగా తక్కువకి కొనేసి తేడా జేబులో వేసుకుందామని.

నా ధీమాకి కారణం ఉంది. పది రోజుల కిందటే, మార్చి 5 రాత్రి, ఆర్‌బీఐ ఆ బ్యాంకు మీద మారటోరియం పెట్టింది, డిపాజిటర్లు 50 వేలకు మించి తీయకూడదంది. మర్నాడు షేరు ఒక దశలో 5 రూపాయల 55 పైసలకి జారింది. 2018 ఆగస్టులో 400 దాటిన షేరు అది! తర్వాత స్టేట్ బ్యాంకూ, మరికొన్ని బ్యాంకులూ కలిసి 10 వేల కోట్లు పెట్టి నిలబెడతామన్నాయి, కానీ షేరుకి 10 రూపాయల లెక్కన. స్టేట్ బ్యాంకుకే పదికి దొరుకుతుంటే ముప్పై పెట్టి ఎవడు కొంటాడు?

కొన్నారు. ఆ రోజు 37 దగ్గర ముగిసింది. మూడుంబావు దాటాక నా పొజిషన్‌ని బ్రోకర్ సిస్టమే తిరిగి కొని కట్ చేసేసింది, 14 వేలు పోయాయి. అంతటితో ఊరుకుంటే ఈ పోస్టే ఉండేది కాదు. మంగళవారం పొద్దున 45 దగ్గర మళ్లీ అమ్మాను, "ఇక పడి తీరాలి" అని పైకే అన్నట్టు గుర్తు. సాయంత్రానికి 58. బుధవారం నేను ముట్టుకోలేదు, చూస్తూ కూర్చున్నాను, 87 దాకా వెళ్లి కిందికి దిగింది.

మా పక్క కుర్చీలో ఓ మిర్చి కమిషన్ వ్యాపారి కూర్చునేవారు, అరవై దాటిన మనిషి. యార్డులో వేలంపాట అయ్యాక వచ్చి కూర్చుని, మాతో పల్లీలు తింటూ స్క్రీన్ చూసేవారు. నా మొహం చూసి విషయం ఆయనే విప్పి చెప్పారు.

"అబ్బాయ్, వంద షేర్లకి మించి ఉన్నవాళ్లకి ముప్పావు వాటా మూడేళ్లు అమ్మకుండా తాళం వేశారు, చదవలేదా? సరుకంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టి తాళమేశారనుకో, యార్డులో మిగిలింది నాలుగు టిక్కీలు (మిర్చి బస్తాలు). నువ్వు పది టిక్కీలు ఇస్తానని మాటిచ్చేశావు. ఎక్కణ్ణుంచి తెస్తావు? ఉన్న నాలుగింటి కోసం నీలాంటివాళ్లంతా ఒకరినొకరు తోసుకుంటూ రేటు పెంచుకోవడమేగా!"

అదీ సంగతి. బ్యాంకు గురించి నేను అనుకున్నది తప్పు కాదు, మొండి బాకీలు అబద్ధమూ కాదు. కానీ అమ్మడానికి వీలున్న షేర్లు ఎన్ని మిగిలాయన్నది నేను చూడనే లేదు. షార్ట్ చేసినవాడు భయపడితే చెయ్యాల్సింది కొనడమే. ఆ కొనుగోలుతో రేటు ఇంకాస్త ఎక్కుతుంది, దాంతో పక్కవాడికి టెన్షన్, వాడూ కొంటాడు. పైగా ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే రేటు ఖాయం చేసుకునే కాంట్రాక్టులు) ఉన్న షేర్లకి మామూలు షేర్లలా రోజుకి ఇంతకు మించి ఎక్కకూడదనే గట్టి సర్క్యూట్ ఉండదు.

అప్పులిచ్చే కంపెనీల్లోనే ఈ ఊపు ఎందుకెక్కువ అంటే, వాటి సొంత డబ్బు చాలా పల్చన. వంద రూపాయలు అప్పులిచ్చిన చోట సొంతది పదే అనుకోండి, అందులో అయిదు రాకపోతే సగం మూలధనం గల్లంతు. నిజంగా ఎంత రాదో బయటివాళ్లకి తెలియదు, అందుకే ఒక్క వార్తకి రేటు తలకిందులవుతుంది. 2018 సెప్టెంబర్ 21న ఇళ్ల అప్పులిచ్చే డీహెచ్‌ఎఫ్‌ఎల్ షేరు గంటల్లో సగానికి పైగా పడి కొంత తేరుకుంది. 2025 మార్చి 10న ఇండస్ఇండ్ బ్యాంక్ తన డెరివేటివ్స్ (ఫ్యూచర్స్ లాంటి కాంట్రాక్టులు) లెక్కల్లో తేడా ఉందని చెప్పింది, మర్నాడే షేరు 27 శాతం ఊడింది.

ఇలా పడ్డప్పుడల్లా "షార్ట్ సెల్లర్లు ముంచేశారు" అంటారు కదా, నాకు ఆ మాట అంతగా ఎక్కదు. బాకీలు ఎగ్గొట్టి ముంచినవాళ్లు వేరే. 2008 సెప్టెంబర్‌లో అమెరికాలో 799 ఆర్థిక సంస్థల షేర్లలో షార్ట్ సెల్లింగ్ ఆపేస్తే పతనం ఆగిందా? ఆగలేదు. మన దగ్గరైతే మార్కెట్‌ని నియంత్రించే సెబీ నిబంధనల ప్రకారం షేరు అప్పు తెచ్చుకోకుండా అమ్మి, డెలివరీ ఇవ్వకుండా తప్పించుకోవడం కుదరదు. నాలాంటి చిన్నవాడు క్యాష్‌లో, అంటే ఫ్యూచర్స్ కాకుండా నేరుగా షేర్లలో చేస్తే ఆ రోజే తిరిగి కొనాలి, లేదంటే ఆక్షన్, అంటే ఎక్స్ఛేంజీయే వేలంలో కొని ఆ నష్టం మన మీద వేస్తుంది, ఆ దెబ్బ వేరే. అలాగని షార్ట్ చేసేవాడు ప్రతిసారీ ఓడతాడనీ కాదు. లక్ష్మీ విలాస్ బ్యాంక్ షేరు 2020 నవంబర్‌లో, డీబీఎస్ బ్యాంకులో కలిసేసరికి, అక్షరాలా సున్నా అయింది. డిపాజిటర్ల డబ్బు మాత్రం భద్రం.

ఇంతకీ ఆ తాళం మా ఇంట్లోనూ పడింది. బ్రాడీపేటలో ఉండే మా బాబాయ్‌కి యెస్ బ్యాంక్ షేర్లు 1,200 ఉన్నాయి, పడ్డప్పుడల్లా యావరేజ్ చేస్తూ పోగేసినవి. 900కి తాళం. ముందు రెండు రోజులూ నేను షార్ట్‌లో ఇరుక్కుని కొనలేక చస్తే, బుధవారం ఆయన రేటు 80 దాటడం చూస్తూ అమ్మలేక గదిలో పచార్లు. "ఒరేయ్, మన ఇద్దరికీ కలిపి ఒకటే రోగం రా" అన్నారు ఫోన్లో. తాళం పడని 300 అప్పటికే ముందురోజు 50కి అమ్మేసుకున్నారు.

2023 మార్చి 13న తాళం తీశారు. అప్పటికి రేటు 15 చిల్లర. అందరూ ఆ రోజే అమ్మేస్తారని భయపడి పొద్దున్నే ఆర్డర్ పెట్టమని నాకు ఫోన్ చేశారు. తొమ్మిది వందలూ అమ్మితే దాదాపు 14 వేలు వచ్చాయి. పిన్ని ఆ వారమే ఇన్వర్టర్‌కి కొత్త బ్యాటరీ వేయించింది, ఎండాకాలం వస్తోందిగా.