బురద సెల్ లాగ్: ఫెల్ట్, తీగ, మేత

కూర్పు

ఇది వరి మడి బురదలోని బాక్టీరియా నుంచి కరెంటు తీసే సెల్. బురద లోపల బాక్టీరియా ఇచ్చే ఎలక్ట్రాన్లను అందుకునే పలక ఆనోడు; అవి తీగ గుండా వచ్చి గాలిలోని ఆక్సిజన్‌తో కలిసే పై పలక కాథోడు. డబ్బా 2 లీటర్లది. వరి మడి బురదలో రాళ్లు, వేళ్లు, నత్తలు ఏరేయాలి. కొత్తగా ఎరువు చల్లిన మడి వద్దు. నైట్రేట్ ఉంటే బాక్టీరియా ఎలక్ట్రాన్లను దానికే ఇచ్చేస్తాయి.

అడుగున 3 సెం.మీ. బురద, దానిమీద ఆనోడు, పైన మళ్లీ 7 సెం.మీ. బురద, ఆపైన 3 సెం.మీ. నీరు. కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేందుకు ఒక రోజు బకెట్లో ఉంచాలి. కాథోడు నీటిమీద తేలాలి: కింది వైపు తడి, పై వైపు గాలి. పూర్తిగా మునిగితే ఆక్సిజన్ అందక వోల్టేజి పడిపోతుంది.

ఆనోడు, కాథోడు రెండూ 10×10 సెం.మీ. కార్బన్ ఫెల్ట్ (కరెంటు పారే కార్బన్ పోగుల దళసరి గుడ్డ) ముక్కలు, మందం 5 మి.మీ. కొత్త ఫెల్ట్ నీళ్లు పీల్చదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి పిండి, నాలుగైదు నీళ్లలో కడగాలి.

తీగ

అసలు కిటుకంతా ఇక్కడే. 316 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ తీగను ఫెల్ట్‌లో కుట్టులా దూర్చాలి. ఆనోడు నుంచి పైకి వచ్చే భాగమంతా హీట్‌ష్రింక్ స్లీవ్‌లో (వేడి చేస్తే ముడుచుకుని తీగను పట్టేసే ప్లాస్టిక్ గొట్టంలో) ఉండాలి. రాగి తీగ బురదకు తగిలితే సల్ఫైడ్‌తో తినేసుకుపోతూ తనే కరెంటు ఇస్తుంది. జీఐ తీగ (జింకు పూత ఉన్న ఇనుప తీగ) సంగతి చెప్పనే అక్కర్లేదు, దాని జింకు మొదటి గంటలోనే మీటరు ముల్లును ఎగరేస్తుంది. నిజమైన సెల్ మెల్లగా, రోజుల తరబడి ఎక్కుతుంది. 0.8 వోల్టులు దాటితే ముందు తీగనే అనుమానించాలి.

రెండో వారం

లోడు లేకుండా, అంటే సెల్‌కు ఏమీ తగిలించకుండా, 0.62 వోల్టులు. 1000 ఓముల రెసిస్టర్ పెట్టి అరగంట ఆగితే 0.31. సగానికి పడిందంటే సెల్ లోపలి నిరోధం కూడా దాదాపు 1000 ఓములే. కరెంటు 0.31 మిల్లీఆంపియర్లు, పవర్ 0.1 మిల్లీవాట్.

మేత

బాక్టీరియాకు మేత సోడియం ఎసిటేట్. 4 శాతం వెనిగర్ 100 మి.లీ.లో 5.6 గ్రాముల తినే సోడా కొద్దికొద్దిగా వేస్తే, నురగ తగ్గాక సుమారు 5.5 గ్రాముల సోడియం ఎసిటేట్ ఉన్న ద్రావణం వస్తుంది. అందులో 20 మి.లీ. అంటే గ్రాము పైచిలుకు.

ఒక గ్రాము సోడియం ఎసిటేట్‌లోని ఎలక్ట్రాన్లన్నీ తీగలోకి వస్తే సుమారు 9,400 కూలుంబులు (ఒక ఆంపియర్ ఒక సెకను పారితే ఒక కూలుంబు). 0.31 మిల్లీఆంపియర్ల దగ్గర అది ఏడాదికి కాస్త తక్కువ కాలం వస్తుంది! పదో వంతే దక్కినా నెల దాటుతుంది. కాబట్టి కరెంటు తగ్గగానే మేత పోయడం దండగ. కాథోడు ఎండిందా, తీగ అతుకు వదులైందా అని చూడాలి.

బియ్యం కడిగిన నీళ్లూ పనికొస్తాయి గానీ పిండిపదార్థం ముందు పులిసి ఆమ్లాలుగా మారాలి. ఎక్కువైతే పీహెచ్ పడిపోతుంది, మీథేన్ బుడగలు బురదను చీలుస్తాయి. వారానికి 10 మి.లీ. చాలు, అదీ సిరంజికి సన్నగొట్టం తగిలించి ఆనోడు దగ్గరికే. పైనుంచి పోస్తే నీటిలోని ఆక్సిజన్‌ను వేరే బాక్టీరియా తినేసి, కాథోడుకు జిగట పడుతుంది.

తర్వాత

ఎర్ర ఎల్‌ఈడీకి 1.8 వోల్టులు కావాలి. సెల్స్‌ను సిరీస్‌లో కలిపితే బలహీనమైన సెల్‌లో ప్లస్, మైనస్ తారుమారవుతాయి. అందుకే ఒక్కో సెల్‌కూ ఒక్కో సూపర్ కెపాసిటర్ (చార్జ్‌ను నిల్వ ఉంచే భాగం) పెట్టి విడిగా చార్జ్ చేసి, సెల్స్ నుంచి విడదీశాకే కెపాసిటర్లను సిరీస్‌లో కలపాలి. లోడు లేని 0.62 లెక్కన కనీసం మూడు కావాలి. లీకేజీకి, తరుగుకు నాలుగోది.