కాన్‌ఫోకల్ కింద నా కందిరీగ

నిన్న రాత్రే భువనేశ్వర్ నుంచి పర్లాకిమిడి చేరాను. అక్కడి ల్యాబులో కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు (లేజరుతో పొర పొరగా బొమ్మ తీసేది) కింద ఒక కందిరీగను చూడడానికి పడ్డ బాధ రాస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు.

మా చేలో కాండం తొలిచే పురుగు గుడ్లు ఏరి సీసాలో పెడితే ట్రైకోగ్రామాలు వచ్చాయి. అర మిల్లీమీటరు ఉండే బుల్లి కందిరీగలు. ఇవి పురుగు గుడ్లలో తమ గుడ్లు పెట్టి వాటిని చంపుతాయి, అందుకే వీటిని కార్డులకు అంటించి చేలో కడతారు. వాటిలో జాతి తేల్చాలంటే మగదాని జననాంగం చూడాలి. ఆ సంగతి 1971లో స్పష్టంగా చూపించింది మన దేశపు శాస్త్రవేత్తలు నాగర్కట్టి, నాగరాజలే. మామూలు మైక్రోస్కోపులో ఒక పొర తేటపడితే మిగతావి మసకబారతాయి. కాన్‌ఫోకల్‌లో సన్నటి రంధ్రం పక్క పొరల వెలుగును ఆపేస్తుంది. రంగు వేయక్కర్లేదు, 488 నానోమీటర్ల లేజర్ పడితే పురుగు పెంకే వెలుగుతుంది.

పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టడం, గ్లిజరిన్‌లో పెట్టడం ఇంటి దగ్గరే అయిపోయాయి. ఫారం, ఫీజు కూడా ఇబ్బంది పెట్టలేదు.

నలిగిపోకూడదని కందిరీగను గుంట స్లైడులో పెట్టి తీసుకెళ్లాను. ఆపరేటర్ 63ఎక్స్ ఆయిల్ లెన్స్ దించాడు. ఎంత తిప్పినా తెర నల్లగానే ఉంది. ఆ లెన్సు కవర్ స్లిప్పు దాటి చూడగలిగేది మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు, నా పురుగేమో గుంట అడుగున ఉంది. అది నాకు చెప్పకుండా పక్కనున్న నలుగురితో ఒడియాలో, "ఈ ఆంధ్రా వాళ్లకి స్లైడు కట్టడం కూడా రాదు" అన్నాడు. నాకు ఒడియా రాదనుకున్నాడు. పుట్టి పెరిగింది ఒడిశాలోనేనయ్యా! ఒడియాలోనే "లెన్సు ఎంత లోతు చూస్తుందో ఫారంలో ఎందుకు రాయలేదు?" అని అడిగాను. జవాబు లేదు. రెండు గంటల స్లాటు పోయింది, కట్టిన డబ్బులూ పోయాయి.

మీరు వెళ్తే ముందే ఫోన్ చేసి లెన్సు సంగతి అడగండి. ఒక్క శాంపుల్‌తో ఎప్పుడూ వెళ్లొద్దు.

రెండోసారి అట్టముక్కకు కిటికీ కోసి, రెండు కవర్ స్లిప్పుల మధ్య గాజుపెంకులు ఆనించి పురుగును పెట్టాను. నలగలేదు, పైగా తిరగేసి రెండు వైపులా తీయొచ్చు. ఈ ఉపాయం నాకు ఎవరూ చెప్పలేదు, మూడు రాత్రులు కూర్చుని నేనే కట్టుకున్నాను. అర మైక్రాను చొప్పున 120 పొరలు తీశాం. ఫిజీ అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో కలిపితే బొమ్మ లేచి నిలబడింది.

పొద్దున నాన్నకు తిప్పి చూపించాను. కళ్లజోడు తుడుచుకుని, "ఇదేనా మన చేలో కార్డులతో కట్టేది?" అన్నాడు.