మా చిన్న బడికి ఆశయాలు రాసుకున్నాం: నా అనుభవం

రాజమండ్రిలో మూడేళ్ల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలకు ఒక చిన్న బడి పెట్టాలని మేం ముగ్గురు టీచర్లం అనుకున్నప్పుడు, ఇల్లు దొరకడమే కష్టమని అందరూ భయపెట్టారు. దానవాయిపేటలో జామచెట్టు, పెద్ద వరండా ఉన్న పాత పెంకుటిల్లు తొందరగానే దొరికింది. మమ్మల్ని నెలల తరబడి కూర్చోబెట్టింది మాత్రం ఒకే ఒక్క కాగితం, బడి ఆశయాలు రాయాల్సిన కాగితం.

బడిని సొంత వ్యాపారంలా కాకుండా సొసైటీగా నడపాలని మా కోరిక. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. రిజిస్ట్రేషన్‌కు ఇచ్చే మెమొరాండం అనే పత్రంలో పేరు, చిరునామాతో పాటు సంఘం ఆశయాలు కూడా రాయాలి. కాగితాలు రాసిపెట్టే ఆయన తన దగ్గరున్న నమూనా తీసి, "పేరు మార్చుకుంటే చాలండీ, అందరూ ఇదే పెడతారు" అన్నారు. పిల్లల సర్వతోముఖాభివృద్ధికి కృషి చేయుట, విలువలతో కూడిన నాణ్యమైన విద్య నందించుట. నేను చాలాకాలం పనిచేసిన ప్రైవేటు బడి బ్రోషర్‌లోనూ అచ్చంగా ఇవే మాటలు. ఆ బడిలో ఎల్‌కేజీ పిల్లలకు యూనిట్ టెస్టులుండేవి. మధ్యాహ్నం పూట పెన్సిల్ చేతిలో పట్టుకునే నిద్రపోయే పిల్లల్ని లేపి హోంవర్క్ రాయించేవాళ్లం. ఆ మాటలతో మళ్లీ ఇంకో బడి మొదలుపెట్టడానికి నాకు మనసొప్పలేదు. మనం రాసేది మనమే రాసుకుందామన్నాను.

ఏడుగురిలో ఒకరు ప్రభుత్వ బడిలో హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దాయన. మేం రాసుకొచ్చిన ప్రతి వాక్యానికీ ఆయన ఒకటే అడిగేవారు: "బాగుందమ్మా. సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి ఈ వాక్యం ఏం పని చేస్తుంది?" ఆ ప్రశ్నకు నిలబడని వాక్యాలన్నీ పోయాయి. "ప్రతి బిడ్డలోని సృజనను వెలికి తీస్తాం" అన్నది మొదటి రోజే కొట్టేశాం. దాని బదులు, "బిడ్డ మొదలుపెట్టిన పనిని తను ముగించేదాకా మధ్యలో ఆపం" అని రాశాం. ఈ వాక్యం నిజంగా పనిచేస్తుంది. దీన్ని పాటించాలంటే పీరియడ్లు ఉండకూడదు, గంట కొట్టకూడదు, పొద్దుటి పూట మూడు గంటలు ఏకధాటిగా పిల్లలకే వదిలేయాలి. మా టైంటేబుల్ ఆ ఒక్క వాక్యంలోంచే వచ్చింది.

ఈ మూడు గంటల పద్ధతి ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరిది. ఆమె 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో పిల్లల ఇల్లు తెరిచింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పిలుపు మీద మద్రాసు అడయారుకు వచ్చి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల ఇక్కడే ఉండిపోయి, వందలమంది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. అంతకు ముందే, 1920లో, గుజరాత్‌లోని భావనగర్‌లో గిజుభాయ్ బధేకా అనే ఉపాధ్యాయుడు బాలమందిర్ అనే చిన్నపిల్లల బడి పెట్టి, అవే ఆలోచనల్ని మన పిల్లలకు, మన ఇళ్లకు తగ్గట్టు మలిచాడు. మా కాగితంలో ఈ పేర్లేవీ పెట్టలేదు. పెద్ద పేరు కింద మన మాట దాక్కుంటుందని మాస్టారి అభిప్రాయం, నాదీ అదే.

అడ్మిషన్ సంగతి చర్చ లేకుండా తేలింది. 2009 విద్యాహక్కు చట్టం ప్రవేశం ఇచ్చేటప్పుడు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్షలు, ఇంటర్వ్యూలు పెట్టకూడదంటుంది. ఆ చట్టంలో బిడ్డ అంటే ఆరు నుంచి 14 ఏళ్లవాళ్లు. ఆరేళ్ల పిల్లాడికి తప్పయింది మూడేళ్లవాడికి ఒప్పెలా అవుతుంది? ఖాళీ ఉంటే ముందొచ్చినవాళ్లకు సీటు, అంతే. దెబ్బలు, గోడకుర్చీ, తొడపాశం ఉండవని కూడా రాశాం. స్టార్లు, బహుమతులు కూడా వద్దన్నది మా ముగ్గురి పట్టుదల, దానికి మిగతావాళ్లను ఒప్పించడానికే కాస్త టైం పట్టింది.

అసలు టెన్షన్ భాష దగ్గర వచ్చింది. "బడి భాష తెలుగు, మొదటి రాత తెలుగు" అని రాసిన డ్రాఫ్టును చేరబోయే పిల్లల తల్లిదండ్రులకు చదివి వినిపించాం. "తెలుగు ఇంట్లో వస్తుంది కదండీ, దానికి ఫీజెందుకు?" అన్నారొకరు. ఒకటో తరగతికి పెద్ద బళ్లలో ఇంగ్లీషులో అడుగుతారని ఇంకొకరి భయం. ఆ భయం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయలేం. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశగా చెప్పిందని, వీలైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమందని చూపించాం. కాగితం చూపిస్తే ఎవరూ మారలేదు. మార్చింది గరుకు అక్షరాలు.

అట్టల మీద గరుకు కాగితంతో అక్షరాలు కత్తిరించి అంటించి, పిల్లలు రెండు వేళ్లతో దిద్దేలా మేమే తయారుచేశాం. వరసగా అ, ఆ, ఇ, ఈ అని వెళ్లలేదు. త, ల, వ, క, ప, అ ముందు ఇచ్చాం. ఈ ఆరింటితో గుణింతం జోలికి పోకుండానే తల, వల, అల, కల, పలక వచ్చేస్తాయి. మన లిపికున్న గొప్ప సౌకర్యమిది: హల్లులోనే అకారం ఉంది కాబట్టి, బిడ్డ రెండు అట్టలు పక్కపక్కన పెడితే మాట పలుకుతుంది. ఒక వేసవి సాయంత్రం తల్లిదండ్రులు వరండాలో కూర్చుని ఉండగా, నాలుగేళ్ల పిల్లాడు ప, ల, క పేర్చి, తనే వేలు పెట్టి చదివి, పరిగెత్తుకెళ్లి లోపల్నుంచి పలక పట్టుకొచ్చాడు. భాష గురించి ఆ రోజు తర్వాత పెద్దగా వాదన లేదు, అయినా ఒకటి రెండు కుటుంబాలు వేరే బడికే వెళ్లాయి. ఇంగ్లీషు రోజూ పాటల్లో, మాటల్లో వినిపిస్తామని ఒక వాక్యం చేర్చాం. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు చేరతారని తెలిశాక, "ఇంటి భాష వేరైన బిడ్డతో ఆ భాషలో మాట్లాడే పెద్ద ఒకరైనా బడిలో ఉండాలి" అని ఇంకోటి. ఉర్దూ వచ్చిన ఆయమ్మను వెతికి పెట్టుకున్నది అందుకే.

"ఎవరు తిన్న పళ్లెం వాళ్లే కడగాలి, ఎవరు ఒలకబోసింది వాళ్లే తుడవాలి, ఆడపిల్లయినా మగపిల్లాడైనా" అన్న వాక్యం రాసేటప్పుడు ఇంత గొడవ తెస్తుందనుకోలేదు. బడి తెరిచాక శీతాకాలంలో ఒకరోజు పిల్లలకు చిక్కుడుకాయలు బాగుచేసే పని ఇచ్చాం. ఒక పాప పీట మీద కూర్చుని, కాయ కొన గిల్లి, ఈనెను పొడవునా లాగి, తెగితే రెండో కొన నుంచి మళ్లీ మొదలుపెట్టి, ఈనెలు ఒక గిన్నెలో, కాయలు ఒక గిన్నెలో వేస్తోంది. పక్కన ఏం జరుగుతోందో దానికి తెలియదు. వాళ్లమ్మ గేటు దగ్గర్నుంచి చూసి లోపలికొచ్చింది. "మేడమ్, ఇంట్లో నేనే దీంతో పని చేయించను. ఫీజు కట్టి ఇక్కడ చిక్కుడుకాయలు బాగుచేయిస్తారా?" ఆమె గొంతులో కోపం కంటే బాధ ఎక్కువ. తన తల్లి ఇళ్లలో పనిచేసి తనను చదివించిందని తర్వాత చెప్పింది. నేను వాదించలేదు, కుర్చీ వేసి కూర్చోమన్నాను. బొటనవేలు, చూపుడువేలు కలిపి కాయ గిల్లే ఆ పట్టే రేపు పెన్సిల్ పట్టు అని చూపించాను. ఆ పక్కనే డాక్టరుగారబ్బాయి తన పళ్లెం కడిగి బోర్లిస్తున్నాడు, ఆమె వాణ్నే ఎక్కువసేపు చూసింది.

ఆ అబ్బాయి తాతగారు అంత సులువుగా ఒప్పుకోలేదు. మగపిల్లాడు ఎంగిలి పళ్లెం కడగడమేమిటని వచ్చారు. కాగితం తీసి చూపించి, "చేరేముందు మీరు చదివారు కదండీ, ఈ వాక్యం మాత్రం మార్చం" అన్నాం. అయినా ఆయన పిల్లాణ్ని బడి మాన్పించలేదు. నమూనాలో పేరు మార్చి పెట్టుకుని ఉంటే, ఆ రోజు మాకు చూపించడానికేం ఉండేది?

మేం రాయలేకపోయిన వాక్యం ఫీజుది. "ఫీజు కట్టలేక ఏ బిడ్డా వెనక్కి వెళ్లకూడదు" అని నాకు రాయాలనుంది. లెక్కలు చూసే సభ్యురాలు టీచర్ల జీతాలు, అద్దె ముందుపెట్టి, నిలబెట్టుకోలేని మాట రాయొద్దన్నారు. ఆవిడ మాట సరైనది. చివరికి ప్రతి ఏడాదీ కొన్ని సీట్లు ఫీజు లేకుండా ఇస్తామని, జమాఖర్చులు ఏప్రిల్‌లో తల్లిదండ్రుల ముందు పెడతామని రాశాం. ఆ సమావేశంలోనే ఆశయాల కాగితం బయటికి చదివి, ఏ వాక్యం తప్పామో అడుగుతాం. పోయినసారి ఒక తండ్రి లేచి, పుట్టినరోజులకు చాక్లెట్లు, బొమ్మలు తెచ్చినవాళ్లే గొప్పవాళ్లని పిల్లలు అనుకుంటున్నారన్నాడు. పుట్టినరోజు బిడ్డ ఇకనుంచి బడికి ఒక మొక్క తేవాలని అక్కడే తీర్మానించాం.

ఇప్పుడు ఒకటో తరగతి కూడా పెట్టమని అడుగుతున్నారు. దానికి విద్యాశాఖ గుర్తింపు కావాలి, భవనం సరిపోవాలి. గంట కొట్టకుండా, తెలుగు వదలకుండా ఒకటో తరగతి ఎలా నడపాలో ఆదివారాలు కూర్చుని రాస్తున్నాం. మాస్టారు మళ్లీ సోమవారం పొద్దున్న సంగతే అడుగుతున్నారు.