కూర్మి ముద్ద ముట్టని పదకొండు రోజులు

ఇవాళ పొద్దున్న మా తాబేలు పిల్ల కూర్మిని వంటింటి త్రాసు మీద పెడితే 71 గ్రాములు చూపించింది. ఫిబ్రవరి ఆఖర్లో ఇంటికి తెచ్చినప్పుడు 62, మధ్యలో 57కి పడిపోయింది. ఆ 57 చూసిన రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మేం ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో ఉంటాం. మాది శ్రీకాకుళం వైపు. చిన్నప్పుడు శ్రీకూర్మం గుడికి వెళ్లినప్పుడల్లా అక్కడి నక్షత్ర తాబేళ్ల దగ్గర నుంచి నన్ను లాక్కురావాల్సి వచ్చేదట, అందుకే మా పాప తాబేలు కావాలంటే కాదనలేకపోయాను. పేరు మా అత్తయ్య పెట్టారు. ఆడో మగో తేలడానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది.

కొనడం తేలిగ్గానే అయిపోయింది. హెర్మన్ జాతి నేల తాబేలు, ఏడాది పిల్ల, పెంచేవాళ్ల ఇంటికే వెళ్లి తెచ్చుకున్నాం. ఇక్కడ ఈ జాతిని అమ్మాలంటే ఆర్టికల్ 10 సర్టిఫికెట్, అంటే చట్టప్రకారం అమ్ముకోవచ్చని ఇచ్చే అనుమతి పత్రం ఉండాలి. అసలు కాగితం చేతికి వచ్చాకే డబ్బులివ్వండి. తర్వాత పోస్టులో పంపుతాం అంటే అక్కణ్ణుంచి వచ్చేయండి.

తప్పంతా ఇంటి దగ్గర జరిగింది. గాజు పెట్టె వద్దు, పైన తెరిచి ఉన్న చెక్క బల్ల చాలు అని ఆ పెంచినావిడ చెప్పింది. పెంపుడు జంతువుల షాపులో అబ్బాయి మాత్రం ఆ పద్ధతి పాతదని, ఈ కిట్‌లో అన్నీ ఉన్నాయని 240 పౌండ్లకి గాజు పెట్టె, దానికి గాజు మూత, లైట్లు, గోడకి అతికించే థర్మామీటర్ అంటగట్టాడు. ఆవిడకి పాతికేళ్ల అనుభవం ఉంది, అయినా యూనిఫాం వేసుకున్న కుర్రాడి మాటే నమ్మాం.

మొదటి రోజు తినలేదు. కొత్త చోటు కదా అనుకున్నాం. మూడో రోజూ లేదు. టమాటా, కీర, పాలకూర, ఒకటేమిటి, ఫ్రిజ్‌లో ఉన్నదల్లా పెట్టాను. మూల నక్కి కళ్లు మూసుకుని ఉండేది. వీడియో కాల్‌లో అత్తయ్య, "నీళ్లలో వెయ్యవేంటమ్మా, పాపం ఎండిపోతోంది" అన్నారు. మనకి నీళ్లలో ఉండేదీ నేల మీద తిరిగేదీ రెండూ తాబేలే, ఆవిడ తప్పేం లేదు. దీన్ని నీళ్లలో వేస్తే మునిగి చచ్చిపోతుందని చెప్పేసరికి ఆవిడకీ టెన్షన్ పట్టుకుంది.

తొమ్మిదో రోజు దగ్గర్లోని పశువుల డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్లాం. వెయిటింగ్ హాల్ నిండా కుక్కలు, వాటి యజమానులు. డాక్టర్ గదిలోకి కూడా పిలవకుండా, కౌంటర్ దగ్గరే డబ్బా మూత తీసి చూసి, "మీరు ఇలాంటివి పెంచాలనుకునే ముందు కాస్త చదువుకోవాల్సింది" అని అందరికీ వినపడేలా అంది. పాప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఏం తప్పు చేస్తున్నానో చెప్పమని అడిగితే, "ఆకలేస్తే అదే తింటుంది" అంది. ఒక విటమిన్ ఇంజెక్షన్, 68 పౌండ్లు. లైటు గురించి అడగలేదు, వేడి గురించి అడగలేదు. పార్కింగ్‌లో పాప "అమ్మా, మన వల్లే చచ్చిపోతుందా?" అంది. ఆ మాట నేను ఎప్పటికీ మర్చిపోను, ఆవిణ్ణి క్షమించను కూడా.

మా ఆయన సరీసృపాలు చూసే డాక్టర్ కోసం వెతికితే నలభై మైళ్ల దూరంలో ఒకాయన దొరికారు. గాజు పెట్టె, లైట్లతో సహా రమ్మన్నారు. ముందు తాబేలు జోలికే వెళ్లలేదు. లైటు వేసి, చిన్న మీటర్ ఒకటి మూత కింద పెట్టి నాకు చూపించారు. సున్నా. మూత తీశారు, అంకె లేచింది. తాబేలుకి కావాల్సిన యూవీబీ, అంటే ఎండలో ఉండే ఒకరకం అతినీలలోహిత కిరణాలు గాజులోంచి దిగవు, అవి లేకపోతే ఒంట్లో డి విటమిన్ తయారవదు, కాల్షియం ఒంటపట్టదు, డిప్ప మెత్తబడుతుంది అని చెప్పారు. గోడ మీద థర్మామీటర్ 32 చూపిస్తుంటే, ఆయన తుపాకీలాంటి థర్మామీటర్‌తో వేడినిచ్చే దీపం కింద నేల మీద కొలిస్తే 24. చలికి దానికి తిండి అరిగే దారే లేదు, అందుకే తినడం మానేసింది. ఒక్కసారి కూడా నన్ను తప్పుపట్టలేదాయన.

ఆ రాత్రే పాత పుస్తకాల అర పడుకోబెట్టి బల్ల చేశాను, నేనొక్కదాన్నే. ఎరువులు కలపని మట్టి పరిచి, ఒక మూల దీపం కింద నల్ల పలకరాయి, అక్కడ 35 డిగ్రీలు, అవతలి మూల 20. యూవీబీ ట్యూబు అడ్డం లేకుండా పైన కట్టాను. రోజూ పొద్దున్నే గడ్డం దాకా వచ్చే గోరువెచ్చని నీళ్లలో పావుగంట కూర్చోబెట్టాను. టమాటా, పాలకూర మానేశాను. పాలకూరలోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేస్తుందట. పెరట్లో పసుపు పూలు పూసే కలుపు మొక్క, డాండెలియన్ ఆకులు కోసి పెట్టాను. కాల్షియం కోసం పెట్టే తెల్లటి కటిల్ ఫిష్ ఎముక చూసి మా అమ్మ, "ఇది సముద్రఫేనం కదే" అంది.

పదకొండో రోజు మధ్యాహ్నం కిటికీలో మందార పువ్వు రాలితే తీసి పలకరాయి మీద పెట్టాను. కాసేపటికి కళ్లు తెరిచింది. మెడ చాపి, తల కాస్త పక్కకి వంచి, రెక్కని ఒకసారి వాసన చూసింది. గులాబి రంగు నాలుక కనపడింది, తర్వాత కటుక్కున కొరికింది. సగం పువ్వు తినడానికి ఇరవై నిమిషాలు. పాపని బడి నుంచి తీసుకురావాలన్న సంగతి కూడా మర్చిపోయి నిలబడి చూశాను.

ఇప్పుడు మన ఊళ్లో చుట్టాలు ఫోన్ చేసి, వాస్తుకి మంచిదట, మేమూ ఒక నక్షత్ర తాబేలు తెచ్చుకుంటాం అంటున్నారు. వద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. కవర్లో పెట్టి రహస్యంగా అమ్మేవాడు దాన్ని ఏ అడవి నుంచి ఎత్తుకొచ్చాడో ఆలోచించండి. చూడాలనిపిస్తే శ్రీకూర్మం వెళ్లి చూసి రండి.

ట్యూబు మాత్రం ఏడాదికోసారి మార్చాలి, వెలుగుతూనే ఉన్నా కిరణాలు తగ్గిపోతాయి. మార్చాల్సిన తేదీ క్యాలెండర్‌లో పాప రాసింది, పక్కన చిన్న తాబేలు బొమ్మ గీసి.